నీళ్లెరుగని నోవహు ఓడ

నేను ఒక ఓడను. నీటిబొట్టు తగిలితే నానిపోయే అట్ట ఓడను. పాలకొల్లు దగ్గర ఒక చర్చి వరండాలో, వేసవి బైబిలు బడికి వచ్చిన పిల్లలు ఫ్రిజ్జు పెట్టెను కోసి, మైదా జిగురు పూసి నన్ను తయారుచేశారు. జంతువులను జంటలుగా ఓడ ఎక్కించి జలప్రళయం దాటించిన నోవహు కథను చేతులతో చేసి నేర్చుకుంటే పిల్లలు మరిచిపోరని టీచరు దయామణి నమ్మకం. ఆమె కూతురు హెప్సీబా మగ ఏనుగును చేస్తే, మేనత్త కూతురు జెరూషా ఆడ ఏనుగును చేసింది. రెండింటి తొండాలూ కలిపి అతికించి, నా తలుపు దగ్గర నిలబెట్టారు.

అన్ని జంతువులూ నాలో సర్దుకుపోయాయి. మనుషులే సర్దుకోలేకపోయారు.

చర్చి పాస్టరుగారు ఉండాలని దయామణి వర్గం, వెళ్లిపోవాలని ఆమె ఆడపడుచు, జెరూషా తల్లి విమల వర్గం. ఒకే బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసే ఇద్దరూ ఆ వేసవిలో ఎదురుపడితే ముఖం తిప్పుకునేవారు. ముగింపు రోజున విమల నేరుగా వరండాలోకి వచ్చింది.

"మా పిల్లల ప్రోగ్రాం కల్యాణ మండపంలో పెట్టుకుంటున్నాం. ఓడ తీసుకెళ్తాను వదినా. పెట్టె మాది."

"పెట్టె నీదైతే ఓడ నీదైపోద్దా? ముట్టుకో, చూద్దాం!"

విమల ముట్టుకుంది. దయామణి రెండో వైపు పట్టుకుంది. దేవుడి పని కోసమేనని ఇద్దరూ అరుస్తూనే నన్ను లాగారు. నా ముందు భాగం చిరిగిపోయింది. ఆడ ఏనుగు తొండం తెగి, విమల చేతికి వచ్చింది. ఆమె ఒక చేత్తో దాన్నీ, మరో చేత్తో జెరూషానూ పట్టుకుని వెళ్లిపోయింది. ఏడుస్తున్న పిల్లల చేత దయామణి ప్రేమ గురించిన పాట పాడించింది. అంత కోపంగా పాడించిన ప్రేమ పాటను నేను మళ్లీ వినలేదు.

తరువాత నన్ను సామాన్ల గదిలోకి నెట్టారు. జెరూషా ఆ చర్చికి రావడం మానేసింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక హెప్సీబా ఒంటరిగా వచ్చి, నాలోకి దూరి ముడుచుకుని కూర్చుంది. వెతుక్కుంటూ దయామణి వచ్చింది.

"అన్నం తినవా? దిగవే!"

"జెరూషా వచ్చేదాకా దిగను."

బతిమాలింది, బెదిరించింది, చెయ్యి కూడా ఎత్తింది. పిల్ల కళ్లు మూసుకుంది గాని కదల్లేదు. ఎత్తిన చెయ్యి దించి దయామణి గుమ్మంలో చతికిలబడింది. చాలాసేపటికి ఫోను తీసింది.

"విమలా, నీతో మాట్లాడాలని చెయ్యట్లేదు. నీ మేనకోడలు మొండికేసింది. వచ్చి దింపు."

విమల వచ్చింది, ఒక్కతే. వదిన వైపు చూడలేదు.

"ఇదంతా నీ పెంపకం."

"మీ వంశం మొండితనం, నా పెంపకం కాదు."

"మా ఇంట్లో జెరూషా కూడా అంతే. పొద్దుట్నుంచీ ముద్ద ముట్టలేదు."

దయామణి గుమ్మం పట్టుకుని లేచింది.

"అయితే దాన్ని పంపు. చేపల పులుసుంది."

"నీ గడప నేను తొక్కను."

"నిన్నెవరు రమ్మన్నారు? పిల్లని పంపమన్నాను."

హెప్సీబా తనంతట తానే దిగి, మేనత్త చెయ్యి పట్టుకుని జెరూషా కోసం లాక్కెళ్లింది. పెద్దవాళ్లిద్దరూ గేటు దాకా తిట్టుకుంటూనే వెళ్లారు. వాళ్ల మాటలు వినపడడం ఆగిపోయాక, చర్చి కాపలాదారు నన్ను మడిచి బయట పాతపేపర్ల కట్ట మీద పడేశాడు. ఆ రాత్రి వాన పడింది. నేను నానిపోయాను.