ఎండిన గులాబీ రేకుల వాసన

నేను ఒక గాజు గ్లాసును. నీళ్లకూ మజ్జిగకూ పనికొచ్చే రకాన్ని కాను. సన్నని కాడ, గుండ్రటి పొట్ట, లోపలికి వంగిన అంచు. వాసన చెదిరిపోకుండా పట్టి ఉంచాలని ఫిరోజాబాదు పనివాడు నన్ను అలా ఊదాడు. మనుషులు ద్రాక్షరసాన్ని ఏళ్ల తరబడి చీకట్లో దాచి, అది బాగుందో లేదో తేల్చుకోవడానికి నాలో పోసుకుంటారు. ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేస్తారు. ఇంతోటి దానికి అన్నేళ్లు దాచడం ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మృణాళిని చేతికి వచ్చాక అర్థమైంది. హైదరాబాదు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి మానేసిన ఆమె, పాత ఎర్ర వైన్ల పోటీల్లో న్యాయనిర్ణేతలకు పెద్ద. ఎక్కడికి వెళ్లినా నన్ను మెత్తటి గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లేది. తెల్లగుడ్డ మీద నన్ను వంచి, వైన్ అంచు రంగు చూసేది. వయసులో ఉన్నప్పుడు వంకాయ రంగు, ముదిరేకొద్దీ ఇటుక రంగు. ఆ తర్వాత కళ్లు మూసుకుని వాసన చూసేది.

"మొదట్లో నాలుక పట్టేసేంత వగరుంటుంది. అది మెత్తబడేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు పండు వాసన పోయి ఎండుటాకు, పొగాకు వస్తాయి" అని పక్కనున్న నిరంజన్‌కు చెప్పేది. అతను ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె పక్క కుర్చీకి ఎదిగినవాడు.

ఒక ఏడు ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ దాంతో పోయిన వాసన ముక్కుకు తిరిగి రాలేదు. ఈ సంగతి నిరంజన్ ఒక్కడికే చెప్పుకుంది.

"ఇక నేను మానుకుంటాను. పోటీవాళ్లకు ఫోన్ చేసి చెప్పేస్తాను."

"పరేషాన్ గాకండి మేడమ్. ఈ ఒక్కసారికి రండి. వగరు, పులుపు మీ నాలుకకు తెలుస్తయి గదా. వాసన నేను చెప్త. పక్కనే కూసుంటా" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. వెళ్దామంది.

పోటీలో మొదటి సీసాలు సజావుగానే గడిచాయి. అతను చెవిలో చెప్పినవి సరైనవే. తర్వాత ఒక పాత వైన్ నాలో పోశారు. రంగు చూస్తే ముచ్చటేసింది. వాసన మాత్రం తడిసి కుళ్లిన అట్టపెట్టెది. సీసా మూతికి బిగించిన బెండు బిరడా చెడి వైన్ పాడైంది. నిరంజన్ చెప్తాడు కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. అతను ఆమె వైపు వంగాడు.

"ఎండిన గులాబీ రేకులు మేడమ్. చాలా మంచిగుంది."

ఆమె అదే మాట అందరికీ వినిపించేలా చెప్పి, ఈ పూట ఇదే మేటి అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చూసుకున్నారు.

"ఇది పాడైన సీసా" అన్నాడు నిరంజన్, తలవంచుకుని. "మేడమ్‌కు వాసన తెలుస్తలేదు. చెప్పడానికి నాకే బాధగా ఉంది."

ఆమె వేళ్లు నా కాడ మీద బిగుసుకున్నాయి. "గులాబీ రేకులని నువ్వే చెప్పావు కదా, నిరంజన్?"

"నేనెప్పుడన్న మేడమ్?"

అతను ఆ మాట అన్నాడు. విన్నది ఆమె, నేను. నాలో సాక్ష్యం చెప్పే గొంతు లేదు.

ఆమె వాదించలేదు. "వాసన తెలియని మాట నిజమే. తెలియకుండా ఇక్కడ కూర్చోకూడదు. ఇవాళ నేను చెప్పినవన్నీ కొట్టేయండి" అంది. నన్ను నిరంజన్ ముందు పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో."

గుడ్డ తీస్తుందని, నన్ను చుట్టుకుని తీసుకెళ్తుందని ఎదురుచూశాను. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. అతను చేసిన దానికంటే నన్ను అతనికి వదిలేసినందుకే ఎక్కువ బాధపడ్డాను.

ఇప్పుడు నిరంజన్ న్యాయనిర్ణేతలకు పెద్ద. నన్ను వాడడు, పారేయడు. హాల్లో అద్దాల బీరువాలో నిలబెట్టాడు. వచ్చినవాళ్లు అడిగితే, "మా గురువుగారు ప్రేమతో ఇచ్చిండ్రు" అంటాడు. వాళ్లు నన్ను భక్తిగా చేతిలోకి తీసుకుని, చూసి, మళ్లీ లోపల పెట్టేస్తారు.