సంచుల దగ్గర మనిషి

తెల్లారే లేచి పులిహోర కలిపి, అత్త మాత్రలు, తువ్వాళ్లు, నీళ్ల సీసాలు అన్నీ రెండు సంచుల్లో సర్దాను. మా ఇంట్లో సంచి సర్దినవాళ్లే మోయాలి, మోసినవాళ్లే కాపలా ఉండాలి. ఈ మాట ఎవరూ పైకి అనలేదు, అనే అవసరమే రాలేదు. రామతీర్థం మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ కొండ కింద అందరి చెప్పుల మధ్య కూర్చున్నాను. "కొండెక్కడికి పోతాదే యమునా, మళ్లీ వచ్చినపుడు ఎక్కుదువు గాని" అనేది మా అత్త కూర్మమ్మ. పాపం, కొండ ఎక్కడికీ పోలేదు. నేనూ పోలేదు.

ఈసారి విజయనగరం. పాత జమీందారు మేడలో రంగులతో గీసిన బొమ్మల మ్యూజియం పెట్టారు, చూద్దామంది మా అమ్మాయి చరిత. అరుగు కనబడగానే అలవాటు కొద్దీ నీడ చూసుకుని కూర్చోబోయాను. గేటు దగ్గర ఖాకీ చీర కట్టుకున్నామె ఆపింది.

"సంచులిక్కడ పెట్టేసి టోకెన్ తీసుకో అమ్మా. నాను సూసుకుంటాను, నువ్వెళ్లు."

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఈ మాట అందరికీ నేను చెప్పినదే గాని, నాకొకరు చెప్పగా వినలేదు. చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి. టోకెన్ కొంగున ముడేసుకుని లోపలికి నడుస్తుంటే ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. కాసేపు మా ఊరి హెడ్మాస్టారిలా వెనక్కి కట్టుకున్నాను.

రెండో గదిలో గోడంత సముద్రం ఉంది. ఒడ్డున బురద రంగు, ఆపైన పచ్చ, దూరంగా ముదురు నీలం. అల మీద ఒరిగిపోయిన పడవ ఒకటి. అది పడిపోతుందేమోనని అలాగే చూస్తూ నిలబడ్డాను. ఎవరూ వచ్చి నీళ్ల సీసా అడగలేదు. అంత హాయి నేనెన్నడూ ఎరగను.

మా ఆయన, దేవేంద్ర బావ, వెతుక్కుంటూ వచ్చాడు. "ఏటలా ఉండిపోనావు? సముద్రమే కదా. కళింగపట్నంలో సూడలేదా?"

"లేదు బావా. అక్కడ నాను సంచులు సూసేను."

నవ్వబోయి ఆగాడు. ఆ రోజు వాళ్లంతా అలల్లో తడిసి వచ్చేసరికి నేను సరుగుడు తోటలో తువ్వాళ్లు పట్టుకుని నిలబడి ఉండడం గుర్తొచ్చినట్టుంది.

అత్తా, చరితా ఆకలేసి అరుగు మీద కూర్చున్నారట, పోదాం పదమన్నాడు. మేడ మీద ఇంకా గదులున్నాయి. నాకు కోపమేం రాలేదు. దొరికిన సంతోషం సగంలో జారిపోతుందేమోనని భయం మాత్రం వేసింది. కొంగు ముడి విప్పి టోకెన్ అతని చేతిలో పెట్టాను.

"పులిహోర పెద్ద సంచిలో ఉన్నాది. అత్తకి తిన్నాక మాత్ర ఇయ్యి. నువ్వు సంచుల దగ్గరుండు, నాను పైన సూసొస్తాను."

సగం మెట్లెక్కాక వెనక నుంచి అడిగాడు, ఎంతసేపు పడతాదని. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. దేన్నయినా చూడడానికి నాకెంతసేపు కావాలో ఇన్నేళ్లలో ఎవరూ కనుక్కోలేదు, నేను కూడా.