కదిలినవాళ్ల చోటు

మా ఇంట్లో ఎర్ర బల్బు వెలిగితే ఊపిరి కూడా మెల్లగా పీల్చాలి. సెల్లార్‌లోకి దిగే చెక్కమెట్ల పైన, గుమ్మానికి ఒక పక్కగా ఉండేది ఆ బల్బు. అది వెలిగిందంటే కింద నాన్న గాజు పలక మీద బొమ్మ ఎక్కిస్తున్నాడని లెక్క. ఇక నడవకూడదు, కుర్చీ జరపకూడదు, తలుపు వేయకూడదు. తుమ్ము వస్తే ముక్కు నొక్కుకుని కూర్చోవాలి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, పొంగనివ్వాలి. దీనికి మేం రాళ్లాట అని పేరు పెట్టుకున్నాం. ఎవరు ఎక్కడుంటే అక్కడ రాయైపోవడమే ఆట. ఇంత క్రమశిక్షణ మీద పెరిగినదాన్ని కాబట్టే నాకు ముక్కు మీద కోపం అని మా వాళ్లంతా అంటారు, అననీ.

నాన్న చేసేవి హోలోగ్రాములు. వాటిని ఫొటోలంటే ఆయనకి చిర్రెత్తుకొచ్చేది. ఫొటోని ఎటు నుంచి చూసినా అదే ముఖం. నాన్న పలక అలా కాదు, అదొక కిటికీ. లేజర్ వెలుతురు దాని మీద సరైన వాలులో వేస్తే గాజుకి అవతల నిజంగా ఒక గది ఉన్నట్టే ఉంటుంది. తల కాస్త వంచి చూస్తే కప్పు చాటున దాక్కున్న చెంచా కూడా కనిపిస్తుంది. మ్యూజియం వాళ్లు పాత నాణేలూ అతికించిన కుండలూ తెచ్చి ఎక్కించుకుని పోయేవారు. ఎక్కించేటప్పుడు మాత్రం ఏదీ కదలకూడదు. వెంట్రుక మందంలో వందో వంతు కదిలినా చాలు, అది బొమ్మలోకి రాదు. అదున్న చోట నల్లటి ఖాళీ మిగులుతుంది.

"కదిలినవాడు మాయమైపోతాడు, వాడి చోటు మాత్రం ఉండిపోతుంది" అని నాన్న మమ్మల్ని బెదిరించేవాడు. నేను నిజంగానే బెదిరేదాన్ని. మా చెల్లి మాత్రం ఆ చోటు ఎక్కడుంటుంది, ఎన్నాళ్లుంటుంది అని ఎదురు ప్రశ్నలు వేసేది.

అలా వేసీ వేసీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పంతులమ్మ అయింది. నేను కత్తెర పట్టుకుని దర్జీనయ్యాను. మా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. నేను ఒకటికి పది అంటాను, అది ఒక నవ్వు నవ్వి ఊరుకుంటుంది, దాంతో నాకు ఒళ్లు ఇంకా మండుతుంది. సాయంత్రాలు నా కొట్టుకి వచ్చి, మడత పెట్టిన గుడ్డల మీద ఎక్కి కూర్చుని, నేను మిషన్ తొక్కుతుంటే లోకం సంగతులు చెప్పేది. ఈ లోకం సంగతులు కావు. ఈ విశ్వమంతా నాన్న పలక లాంటిదే కావచ్చట. మనం లోతు అనుకుంటున్నదంతా ఎక్కడో చివరన ఒక పలచటి పొర మీద రాసి ఉండవచ్చట. రాసింది ఏదీ చెరగదట. కాల్చేసిన కాగితం మీది అక్షరాలు కూడా పొగలో, బూడిదలో, వెలుతురులో చెల్లాచెదురుగా ఉంటాయే తప్ప పోవట. ఇది ఇంకా ఎవరూ తేల్చలేదనీ, లెక్కలు మాత్రం అలా అనుకోవడానికి చోటిస్తున్నాయనీ అనేది. అయితే నిన్న పోయిన నా సూది ఎక్కడ రాసి ఉందో ఆ పొరనడిగి చెప్పమన్నాను. ఈ చొక్కా కూడా అక్కడ కుట్టేసే ఉంటే నేను కళ్లు పోగొట్టుకోవడం ఎందుకన్నాను. అది నవ్వింది.

నేను వెటకారం చేసేదాన్నే గాని, దాని గోల ఏమిటో నాకు తెలియంది కాదు.

చెల్లి పుట్టిన కొన్ని వారాలకే అమ్మ పోయింది. కాన్పుకి ఆస్పత్రికి వెళ్లింది, అక్కడే జబ్బు పడింది. బిడ్డని ముందు ఇంటికి పంపేశారు. ఆ తర్వాత అమ్మ ఇంటికొచ్చిందా, రాలేదా, వస్తే ఎన్నాళ్లుంది, ఎవరూ చెప్పలేకపోయారు. మమ్మల్ని పెంచిన పిన్ని వచ్చేసరికే అంతా అయిపోయింది. నాన్నని అడిగితే కళ్లద్దాలు తుడుచుకుంటూ సెల్లార్‌లోకి దిగిపోయేవాడు. ఇంట్లో అమ్మ ఫొటోలు చాలా ఉన్నాయి. అమ్మ చంకలో నేను, అమ్మ భుజం మీద నేను, అమ్మ జడ పట్టుకుని లాగుతూ నేను. చెల్లి ఒక్క దాంట్లోనూ లేదు.

"అమ్మ నన్నెప్పుడైనా ఎత్తుకుందా అక్కా?" చిన్నప్పటి నుంచీ అది నన్నడిగింది ఇదొక్కటే. బొమ్మలు అడగలేదు, గౌన్లు అడగలేదు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. ఆ రోజుల గురించి నాకు గుర్తున్నది ఆ ఎర్ర బల్బూ, మెట్లూ, అంతే. ఎత్తుకునే ఉంటుందిలే అనేదాన్ని. ఉంటుందిలే అంటే లేదనేగా అని అది మొహం తిప్పుకునేది. చెరగని పొర ఒకటి ఉండాలని అది ఎందుకంత పట్టుబడుతోందో తెలిశాక నా కోపం కోపంలా ఉండేది కాదు. అయినా కోప్పడేదాన్ని, అలవాటు కదా.

నాన్న పోయాక ఇంటి ఓనరు సెల్లార్ ఖాళీ చేయమన్నాడు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇద్దరం వెళ్లాం. స్కూటర్ ట్యూబుల మీద నిలబెట్టిన రాతి బల్ల అలాగే ఉంది. భూమి అదిరినా బల్ల అదరకూడదని ట్యూబుల్లో గాలి కొట్టి పెట్టుకునేవాడు నాన్న. పలకలు కడిగే మందునీళ్ల వాసన గోడలకి ఇంకా పట్టి ఉంది. పైనున్న చిన్న కిటికీ లోంచి పడే వెలుతురులో దుమ్ము ఎటూ వెళ్లకుండా తేలుతోంది. అక్కడ నిలబడితే ఎవరో ఇప్పుడే లేచి బయటికి వెళ్లినట్టు అనిపించింది. మేమిద్దరం మాకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నాం.

గోడ మీద వెడల్పాటి నల్ల చెక్క ఫ్రేములో ఒకే ఒక్క పలక ఉంది. మామూలు వెలుతురులో అది మసిబారిన గాజు ముక్కే. నాన్న దాన్ని చెడిపోయిన పలక అనేవాడు, కానీ ఎవరికీ అమ్మలేదు, పారేయలేదు. చిన్నప్పుడు ఒకసారి లేజర్ వేసి మాకు చూపించాడు. ఇదే రాతి బల్ల, బల్ల మీద పట్టకార్లూ ఓ కప్పూ, వెనక చెక్క అలమర. అలమర మేకుకి నా మొదటి బడిసంచి, దాని మీద అమ్మ కుట్టిన బాతు బొమ్మ. అవన్నీ ముట్టుకుందామనిపించేంత స్పష్టంగా ఉన్నాయి. అలమర ముందు మాత్రం, బల్ల పైకి తలా భుజాలూ వచ్చేలా, నల్లటి మనిషి ఆకారం. ఎవరని అడిగితే, ఎవరో కదిలారన్నాడు నాన్న. ఆయనే కదిలి ఉంటాడనీ, అది చెప్పుకోవడానికి నామోషీ అనీ అనుకున్నాం.

చెల్లికి ఆ పలక కావాలి. నాకూ కావాలి. అందులో నా బాతు ఉంది మరి. ఎవరు తీసుకోవాలన్నది తర్వాత తేల్చుకుందాం, ముందు ఒకసారి చూద్దాం అంది చెల్లి. సెల్లార్‌లో కరెంటు లేదు. ఓనరు పైన మెయిన్ వెతకడానికి వెళ్లాడు. ఈలోగా నేను ఫ్రేము మేకులు ఊడదీశాను. ఫ్రేము వెనక ఇంత గాజు దాగి ఉందని అప్పుడే తెలిసింది. అంచులకి, ఎక్కించేటప్పుడు బిగించిన క్లిప్పుల గాట్లున్నాయి, అవి కనిపించకుండా చెక్కతో కప్పేశాడు కాబోలు. పలకని రెండు చేతులతో తీసి చెల్లికి అందించాను. పట్టుకున్నావా అన్నాను. పట్టుకుంటున్నా అంది.

సరిగ్గా అప్పుడే పైన ఓనరు స్విచ్ వేశాడు. మెట్ల మీద ఎర్ర బల్బు వెలిగింది.

అది ఇంకా బతికే ఉందని ఎవరు కలగన్నారు. ఇద్దరం రాళ్లమైపోయాం. వదలబోతున్న నా వేళ్లు వదలబోతున్నట్టే ఆగాయి, పట్టుకోబోతున్న దాని వేళ్లు పట్టుకోబోతున్నట్టే ఆగాయి. నడుమన పలక మెల్లగా జారింది. జారుతున్నట్టు ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. కదిలితే ఒట్టు. కింద పడి పగిలిన చప్పుడు ఆగాక కూడా కాసేపు అలాగే నిలబడ్డాం.

ముందు నవ్వింది చెల్లే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఓనరుని తిట్టాను, బల్బుని తిట్టాను, రాళ్లాట నేర్పిన నాన్నని పోయాక కూడా వదల్లేదు. ఆయన జాగ్రత్తగా ఇన్నేళ్లు దాచుకున్నదాన్ని నా చేతులతో నేల పాలు చేశానని గుండె పిండేసినట్టయింది. అంత దుఃఖం ఆయన పోయిన రోజు కూడా రాలేదు.

చెల్లి నేల మీద కూర్చుని ముక్కలు ఏరసాగింది. "ఏడవకక్కా. పగిలింది గాజే. ఏ ముక్కలో చూసినా మొత్తం ఉంటుంది."

పెంకులు ఏరుకుంటూ వేదాంతం చెబుతున్నావా అని కసిరాను. అది నాన్న లేజర్ వెలిగించి, అరచేతంత ముక్కని దాని ముందు పెట్టి, నన్ను పిలిచింది. చూశాను. బల్ల ఉంది. కప్పు ఉంది. నా బాతు ఉంది. నల్ల మనిషీ ఉన్నాడు. ఏదీ విరగలేదు, ఏదీ సగమవలేదు. కాస్త మసకగా, తాళం కన్నం లోంచి గదిని చూస్తున్నట్టుంది, అంతే. ప్రతి ముక్కా ఒక కన్నమట. గది ఒకటే, చూసే చోటే వేరట. ముక్కని తిప్పి తిప్పి చూశాను. దర్జీదాన్ని కదా, ముక్క కోస్తే ముక్కే మిగులుతుందని నాకు బాగా తెలుసు.

తర్వాత ఒక్కో ముక్కా తీసి చూస్తూ కూర్చున్నాం. బయట పొద్దు ఎటు పోయిందో తెలియదు. ఒక ముక్కలోంచి కప్పు లోపలి టీ మరక కనిపించింది. ఇంకో దాంట్లోంచి పట్టకారు చాటున నాన్న కళ్లద్దాలు కనిపించాయి. ఆ ఎర్రటి గదిలో మేం అటున్నామో ఇటున్నామో తెలియని ఓ మత్తు కమ్మింది. పైన ఓనరు దగ్గుతున్నాడు, అది కూడా చాలా ఏళ్ల వెనక నుంచి వినిపిస్తున్నట్టుంది.

నా చేతికి సన్నటి అంచు ముక్క ఒకటి తగిలింది. క్లిప్పు గాటు ఉంది దాని మీద. ఇన్నాళ్లూ చెక్క కింద ఉన్నది. దాంట్లోంచి చూశాను.

గది పక్క నుంచి కనిపిస్తోంది. బల్ల అడ్డం తొలగింది. నల్ల మనిషి నిలబడి లేడు, కూర్చుని ఉన్నాడు. మగమనిషి కాదు. వీపు మీద జడ ఉంది. తల కిందికి వంచి ఉంది. కింద కుర్చీ కాళ్లు నాలుగూ తేటగా ఉన్నాయి, అంటే కుర్చీ కదల్లేదు. కుర్చీలో మనిషి మాత్రం నల్లగా ఉంది. ఆ చేతుల్లో మూట లాంటి నలుపు. ఆ మూటలోంచి, వెలుతురు పడ్డ వెనక అలమర మీద, ఒక చిన్న పాదం బయటికి పొడుచుకొచ్చి ఉంది.

వెనక మేకుకి నా బడిసంచి వేలాడుతోంది. నేను బడికి వెళ్లే పిల్లని. ఆ మూట నేను కాదు.

ముక్కని చెల్లికిచ్చాను. అది చూసింది. చాలాసేపు చూసింది. ఎర్ర వెలుతురు దాని బుగ్గ మీద పడి ఉంది.

"కదిలింది కదక్కా" అంది చివరికి, ఎంతో మెల్లగా. "చేతులు కదిలాయి. ఊపుతోంది నన్ను."

ఊపకుండా ఉంటే పలక మీద పడేదే, ముఖం దక్కేదే అన్నాను. అంటూ ఉండగానే తెలిసింది నాకు. కదిలితే పడరని నాన్నకి తెలియదా? అమ్మకి తెలియదా? ఈ ఇంట్లో ఆ సంగతి తెలియనివాళ్లు ఎవరు? అయినా ఏడ్చే పిల్లని ఒళ్లో పెట్టుకుని రాయిలా ఎవరు కూర్చుంటారు. తెలిసే ఊపింది. ఆయనా తెలిసే లేజర్ వెలిగించాడు.

అప్పుడు నాకూ ఒకటి గుర్తొచ్చింది. పై మెట్టు మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. తల మీద ఎర్ర బల్బు. అంత పొడుగాటి రాళ్లాట మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. చీమ ఒకటి మోకాలి మీదికి పాకింది, దులుపుకోలేదు. కింద మ్యూజియం వాళ్ల కుండ ఏదో ఉందనుకున్నాను. అమ్మ ఉందని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పరిగెత్తుకుని దిగిపోయేదాన్ని, ఆ చెక్కమెట్ల అదురుకి పలక మొత్తం పోయేది. ఇదంతా చెల్లికి చెప్పాను. చెబుతూ ఏడ్చాను, అది నా తల నిమిరింది.

"నువ్వు కదలకపోబట్టే ఇది మిగిలిందక్కా" అంది.

పై నుంచి ఓనరు, పని అయిపోతే ఈ ఎర్ర లైటు తీసేయనా అని అడిగాడు. ఇంకో రోజైతే నా నోటికి దొరికిపోయేవాడు. ఉండనీయండి అన్నాను, అంతే.

ఇద్దరం నేల మీదే కూర్చున్నాం. పాత అలవాటు, నేను కదల్లేదు. చెల్లి ఆ గాజు ముక్కని రుమాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. కాసేపటికి చూస్తే మెల్లగా ఊగుతోంది, ముందుకీ వెనక్కీ. బల్బు వెలుగుతూనే ఉంది. నేను దాన్ని కదలొద్దనలేదు.