రేడియేటర్ వెనక ఫ్యాన్

"కదులుతుంటే చల్లగా ఉండే బండి ఆగితే వేడెక్కడమేంటి, నీ భ్రమ కాకపోతే," అన్నాడు మా ఆయన, నేను వెతికిచ్చిన సాక్సులు తొడుక్కుంటూ.

భ్రమట! పది రోజులుగా సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఏసీలోంచి పొయ్యి సెగలాంటి గాలి మొహాన కొడుతుంటే, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకుతుంటే, అదంతా నా భ్రమ. గేటు స్తంభానికి గుద్ది రేడియేటర్ పగలగొట్టింది ఆయన. షెడ్డులో ఇచ్చి బాగుచేయించి తెచ్చిందీ ఆయనే. బండి పాడుచేసేది మాత్రం నేను. అత్తగారైతే, నా చేతుల్లో పడ్డాకే దానికి ఆయుష్షు తీరిందని పక్కింటావిడకి వినపడేలా అంది. ఆ అత్తగారిని వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తిప్పి తీసుకొచ్చేది ఈ చేతులే మరి.

నాది ఇంటింటికీ వెళ్లి రక్తం శాంపిల్స్ తీసి ల్యాబ్‌కి చేర్చే పని. అందరికీ వండి, డబ్బాలు సర్ది, అప్పుడు బయల్దేరతాను. ఈ పది రోజుల్లో రెండుసార్లు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పెట్టెలో ఐస్ కరిగిపోయి శాంపిల్స్ పనికిరాకుండా పోయాయి. ఎనభై ఏళ్ల ముసలాయనకి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకోసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటామని మేనేజర్ మొహం మీదే చెప్పేసింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, మానెయ్, నిన్నెవడు చెయ్యమన్నాడని మా ఆయన టీవీ సౌండ్ పెంచాడు.

ఇవాళ శాంపిల్స్ ఇచ్చేసి వస్తూ, ఒళ్లు మండి, రోడ్డు పక్కన ఆపాను. ఇంజను ఆపకుండా, ఏసీ అలాగే ఉంచి బోనెట్ ఎత్తాను. రేడియేటర్ వెనక ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. మరి దీని రోగమేంటి? వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాగుతోందో లేదో కాయితం పెట్టి చూస్తాను కదా, అలాగే ఒక చీటీ బండి ముందు జాలీకి ఆనించాను. ఫ్యాన్ గాలిని లోపలికి లాగితే చీటీ అతుక్కోవాలి. అది ఎగిరొచ్చి నా చున్నీ మీద పడింది. దరిద్రపుగొట్టు ఫ్యాను బయటికి ఊదుతోంది! వైర్లు అటుదిటు కలిపేశారు. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి ఎలాగో నెట్టుకొస్తోంది, ఆగితే అంతే సంగతులు.

తిన్నగా షెడ్డుకి పోనిచ్చాను. మెకానిక్ నా మాట సాంతం వినకుండానే మా ఆయనకి ఫోన్ కలిపాడు. అతని పద్ధతే అంత. నేను ఎదురుగా నిలబడి వైపర్ మార్చమన్నా సార్‌ని అడగాల్సిందే. చేతులకి గ్రీజు ఉందని స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాడు.

"సార్, ఫ్యాన్ వైర్లు తిరగేసి కలిపేశాం, బండి ఒకసారి తీసుకురండని బండి ఇచ్చిన మర్నాడే చెప్పాను కదా. మీరు తేలేదు. ఇప్పుడు మేడం..."

మా ఆయన నవ్వాడు. "తనకేం చెప్పకు. ఇంకోసారి శాంపిల్స్ పాడైతే తనే ఉద్యోగం మానేసి ఇంటిపట్టున పడుంటుంది. అప్పుడు తెస్తాలే."

మెకానిక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ ఆపెయ్యబోతే చేత్తో అడ్డుకున్నాను. పది రోజులు! బండి ఎక్కడ ఆగిపోతుందో, ఉద్యోగం ఎప్పుడు పోతుందో అని నేను ముల్లు చూసుకుంటూ బిక్కచచ్చిపోతుంటే, ఈ మనిషి అన్నీ తెలిసి నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. భ్రమ అన్నాడు. ఆ గొంతు వింటుంటే అసహ్యం వేసింది.

ముందు వైర్లు సరిగ్గా కలపమని మెకానిక్‌కి సైగ చేశాను. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"నేనేనండీ. మీరు కోరుకున్నట్టే మానేస్తున్నాను," అన్నాను. "ఉద్యోగం కాదు, కాపురం."