షలోన్‌లో దిగే వేళ

ఆవుల్ని అమ్మేసిన నాలుగో నెలలో ఒగుస్త్ వంటింటి బల్ల మీద ఫ్రాన్సు దేశపు పటం పరిచాడు. మడతలు పైకి లేస్తూంటే ఒక మూలన తన జేబుకత్తి, ఇంకో మూలన ఉప్పుగిన్నె పెట్టాడు. డెబ్భై ఒక్కేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. రెండు పూటలా పాలు పిండేవాడికి పై ఊళ్లో ఒక రాత్రి పడుకోవడమన్నది ఉండదు. ఇప్పుడు పిండడానికేమీ లేదు. అయినా ఐదింటికల్లా మెలకువ వస్తూనే ఉంది. లేచి, పాక దాకా వెళ్లి, ఖాళీ కట్టుగొయ్యలు చూసి వస్తున్నాడు.

నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ముందు క్లెర్మోన్, తర్వాత లియోన్, ఆ తర్వాత షలోన్. అక్కడ రైలు దిగి అద్దెకారు. కారు దిజోన్‌లో ఇచ్చేసి మళ్లీ రైలు, నెవేర్ మీదుగా ఇల్లు. ఆరు రోజులు. అడిగినవాళ్లకు పెద్ద చర్చీలు చూడ్డానికని చెప్పాడు. షలోన్‌కూ దిజోన్‌కూ మధ్య, ద్రాక్షతోటల వెనక, వెర్నోల్ అనే పల్లె ఉంది. పటంలో దాని పేరు చీమ తలకాయంత. అక్కడ అతని అన్న అర్సేన్ ఉంటాడు. ఇద్దరికీ పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

అమ్మను పూడ్చి వచ్చిన మధ్యాహ్నం, చుట్టాలంతా భోజనాల బల్ల చుట్టూ ఉండగా, అర్సేన్ నవ్వుతూనే అన్నాడు. "ఇక నీకు వండిపెట్టేదెవర్రా? ఆవులేనా?"

కొందరు నవ్వారు. వాళ్ల వైపు ఎవరి కత్తి వాళ్ల జేబులోంచే బల్ల మీదికొస్తుంది. దాన్ని మడిచారంటే ఇక లేస్తున్నట్టు. భోజనం చివర వచ్చే చీజ్ ఇంకా బల్ల మీదికి రానేలేదు, ఒగుస్త్ కత్తి మడిచాడు. లేచి పాకలోకి పోయాడు. వదిన లుసెట్ పాక గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. అంతే.

ఊరి స్టేషన్లో టికెట్ల కిటికీ పొద్దుటిపూటే తెరుస్తారు. అందులో కూర్చునే నదేజ్‌కు అతని రాకడ అలవాటైపోయింది. వారంలో మూడుసార్లు వచ్చాడు మరి. ప్రతి ఊరికీ ఒక రాత్రి అనుకున్నాడు. లియోన్లో ఏ హోటలైనా ఫర్వాలేదన్నాడు. నెవేర్లో చర్చి తెరిచి ఉంటుందో లేదో కూడా అడగలేదు. అడిగినదల్లా షలోన్ గురించే.

పదకొండుంబావుకు దిగే రైలుంది. కారు తీసుకుంటే పన్నెండు దాటేసరికి వెర్నోల్లో ఉంటాడు. దాని తర్వాతి రైలు పన్నెండుంబావుకు. అప్పటికి కార్లవాళ్లు భోజనానికి తలుపులు మూసుకుంటారు, మళ్లీ రెండింటికి గాని తియ్యరు. ఒగుస్త్ ఆ రెండోదే కావాలన్నాడు.

"మూసిన తలుపు ముందు రెండు గంటలు కూర్చుంటారా ఒగుస్త్ గారూ?" అంది నదేజ్. "షలోన్ బెంచీలకు అంత పేరుందని నాకు తెలీదే."

"రొట్టె తెచ్చుకుంటా."

ఆమె నవ్వింది గాని మళ్లీ అడగలేదు. చెప్పకుండా మిట్టమధ్యాహ్నం ఒకరి గుమ్మంలో నిలబడితే కంచం పెట్టమని మెడ మీద కూర్చున్నట్టే. మూడింటికి వెళితే ఎవరికీ బరువు లేదు. ఒక కప్పు కాఫీ ఇస్తారు, ఇవ్వకపోయినా ఏమీ అనుకోనక్కర్లేదు. ఆ మాట కిటికీ దగ్గర చెప్పేది కాదు. నదేజ్ మాత్రం, ఎవరింటికో వెళ్తున్నాడని పసిగట్టి, అంత దూరం పోయాక ఆ ఇంట్లో మనిషి లేకపోతే ఎలా, ముందు ఒక ఫోనన్నా చెయ్యండి అని పంపించింది.

ఆదివారం చర్చి గంటలయ్యాక చేశాడు. నంబరు అమ్మ చేతిరాతలో, అల్మరా తలుపు లోపలి వైపున ఉంది. చాలాసేపు మోగింది.

"ఎవరు?"

"నేను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఒగుస్త్ తన ప్రయాణమంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చాడు, క్లెర్మోన్, లియోన్, చర్చీలు. పద్నాలుగో తారీకున ఆ దారినే పోవాల్సి వస్తోందని, మూడింటికి అటు తిరగగలనని అన్నాడు.

"మూడింటికి," అన్నాడు అర్సేన్. "తినేసి వస్తావన్నమాట."

"రైలు అలా ఉంది."

ఏదో ఒకటి అనాలని ఒగుస్త్ అడిగాడు. "వదిన ఎలా ఉంది?"

"లుసెట్ పోయి మూడేళ్లయింది."

ఒగుస్త్ అల్మరా తలుపు పట్టుకున్నాడు. "నాకెవరూ చెప్పలేదు."

"నువ్వడగలేదు."

కోపంగా అనలేదు. వాన పడిందని చెప్పినట్టు అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "నేను పన్నెండున్నరకి తింటాను," అని పెట్టేశాడు.

ఆ రోజంతా ఒగుస్త్ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడింటికొస్తే నా భోజనం అయిపోయి ఉంటుంది, ఏమీ మిగలదు అని కావచ్చు. ఇంకోటీ కావచ్చు. అన్న గొంతులో పంతొమ్మిదేళ్ల ముసలితనం వచ్చి చేరింది, అందులోంచి ఏదీ తేల్చుకోలేకపోయాడు. లుసెట్ సమాధి మీద ఏ పూలు పెట్టారో, చుట్టాల్లో ఎవరెవరు వెళ్లారో కూడా తనకు తెలియదు.

మర్నాడు కిటికీ దగ్గర పదకొండుంబావు రైలు కావాలన్నాడు.

"మరి బెంచీ?" అంది నదేజ్.

"పన్నెండున్నరకి తింటారు అక్కడ."

"భోజనానికి పిలిచారా?"

"ఎన్నింటికి తింటాడో చెప్పాడమ్మా."

ఆమె ఇక నవ్వలేదు. టికెట్లు అచ్చువేసి ఇస్తూ, ఆ సాయంత్రం కారు దిజోన్‌కు ఎన్నింటికి చేరుస్తారని అడిగింది. అది ఇప్పుడే రాయొద్దన్నాడు.

ఇంటికి వెళ్తూ పాలకేంద్రం దగ్గర ఆగాడు. పద్దెనిమిది నెలలు మగ్గిన చీజ్ చక్రం చూపించి అందులో పెద్ద ముక్క కొయ్యమన్నాడు. ఎందరికి అని అడిగింది కోసే ఆవిడ. ఏళ్లుగా అతనికి ఎంత కొయ్యాలో ఆమెకు చెప్పక్కర్లేదు, ఇంత ముక్క అడిగేసరికి అడిగింది.

"ఇద్దరికి," అన్నాడు.

ఇంటికొచ్చి, బల్ల మీంచి కత్తి తీశాడు. పటం మూల మెల్లగా పైకి లేచి వెర్నోల్ మీదికి వాలింది. కత్తి మడత విప్పి, గుడ్డతో తుడిచి, నోటుపుస్తకం పద్నాలుగో తారీకు దగ్గర తెరిచి కూర్చున్నాడు. ప్రతి ఊరికీ దిగే వేళా ఎక్కే వేళా రాసి ఉన్నాయి. వెర్నోల్ ఎదుట పన్నెండున్నర అని రాశాడు. పక్క గడి ఖాళీగా వదిలేశాడు.