కింద కుర్చీ

వరద వంతెన మీదుగా పారిన ఏడు. నీళ్లు తీశాక మిల్లు గోడ మీద మనిషెత్తున బురద చార మిగిలింది. అది కంటికి కనబడకూడదని గోడకు పైనుంచి కిందదాకా రంగు వేయిస్తున్నారు.

ఆ మధ్యాహ్నం రంగులాయన, అతని బామ్మర్ది పిచ్చుక మూడో అంతస్తు ఎత్తున వేలాడే పలక మీద ఉన్నారు. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. పలక దిగాలంటే ఇద్దరూ మోకులు సమంగా వదలాలి. ఒకడు మూరెడు ఎక్కువ వదిలితే పలక ఒరిగి రెండోవాడు నేలకు జారతాడు. అందుకని రంగులాయన "ఊఁ" అంటాడు, పిచ్చుక "ఊఁ" అంటాడు, అప్పుడు వదులుతారు. ఇరవై ఏళ్లుగా అంతే.

రంగులాయన మోకాళ్లు పొంగిపోయాయి. గొంతుక్కూర్చుని లేచేటప్పుడు పళ్లు బిగబట్టేవాడు. పిచ్చుక చూసీ చూడనట్టు, వంగి వేయాల్సిన వరసంతా తనే వేసేసేవాడు.

కిందనుంచి సూపర్వైజరు పిలిస్తే దిగారు. ఆయన రంగులాయనను పక్కకు తీసుకెళ్లాడు. గోడ వారగా కొత్త కుర్చీ వేసి ఉంది.

"నీ పంట పండిందయ్యా. పర్మనెంటు చేస్తున్నాం. నెలజీతం, జబ్బు చేస్తే మందు. ఇందులో కూర్చుని ఎక్కేవాళ్లను చూసుకుంటే చాలు."

ఆ మాట ముందు మోకాళ్లు విన్నాయి.

"ఎక్కనక్కర్లేదా?"

"ఎక్కకూడదు. పర్మనెంటు మనిషి పడితే కంపెనీ జవాబు చెప్పుకోవాలి."

"మరి పిచ్చుకో?"

"వాడు కాంట్రాక్టు మనిషే కదా. వాడితో ఇంకొకణ్ణి ఎక్కిస్తాం. రేపు పొద్దున చెప్పు."

మబ్బు పట్టింది, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. రంగులాయనకు మండింది అందుకే. అతనికి ఈ పని నేర్పిన మామ, భార్యకు తండ్రి, ఇదే గోడ మీంచి పడ్డాడు. మిల్లువాళ్లు గేటు దగ్గరే "మా మనిషి కాడు" అనేశారు. పలక, మోకులు ఆయనవే. అవి మాత్రం మిగిలాయి. బతుకంతా ఈ గోడకు రంగు పూసినవాడు ఈ మిల్లు మనిషి కాకపోతే ఎవరి మనిషి? గోడ మనిషా?

ఇంటిదారిలో సంగతి విని పిచ్చుక నవ్వాడు. "ఇక నిన్ను సారూ అనాలా, బావా?"

"నోరుముయ్."

"తీసుకో బావా. నీ మోకాళ్లు తుప్పు పట్టిన గేటులా కిర్రుమంటున్నాయి."

"నీతో ఎవడెక్కుతాడు?"

"ఎవడో ఒకడు. వాడికీ ఊఁ అనడం నేర్పుతాలే."

ఇంట్లో భార్య వేడినీళ్లలో గుడ్డ ముంచి మోకాళ్లకు కాపడం పెడుతోంది. పర్మనెంటు అనగానే ఆమె మొహం విప్పారింది. "ఇన్నాళ్లకు నా మొర ఆలకించాడు దేవుడు." మిగతాది కూడా చెప్పాడు. ఆమె చెయ్యి ఆగింది.

"అయితే కుర్చీలో కూర్చుని నా తమ్ముణ్ణి చూస్తూ ఉంటారా?"

"చూడ్డానికే జీతమట."

"పడితేనో?"

"పడ్డాడని చెప్పాలి కాబోలు."

ఆమె గుడ్డ మళ్లీ ముంచింది. పిండింది. నీళ్లన్నీ కారిపోయినా పిండుతూనే ఉంది. "ఈ మోకాళ్లు ఇంకేం ఎక్కుతాయి?" అంది చివరికి.

"చిన్న గోడలు ఎక్కుతాయి."

"చిన్న గోడలే చూసుకోండి. ఇద్దరూ."

జ్వరమొస్తే మందెవరిస్తారని ఆమె అడగలేదు.

మర్నాడు పొద్దున రంగులాయన కుర్చీ పక్కన నిలబడ్డాడు. సూపర్వైజరు కూర్చోమన్నాడు.

"మీ కాయితం ఏమన్నా నేల మెత్తబడదు బాబూ. నేను పడ్డా వాడు పడ్డా ఒకటే నేల."

"బంగారం లాంటి ఉద్యోగం కాలదన్నుకుంటున్నావు. ముసలితనంలో ఏడుస్తావు."

"ఏడుస్తానేమో."

పిచ్చుక డాబా ఎక్కి మోకులు విప్పి కిందికి వదిలాడు. దిగి వచ్చి పలకకు ఒక కొసన నిలబడ్డాడు. రంగులాయన రెండో కొసన వంగాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"ఊఁ."

"ఊఁ."

పలక భుజాల మీదికి లేచింది. ముందొకరు, వెనకొకరు గేటు దాటి వెళ్లిపోయారు.

గోడ పైసగమే తెల్లబడింది. కింద వరద చార అలాగే ఉంది. ఆ చార కింద ఎవరూ కూర్చోని కొత్త కుర్చీ, దాని మీద నిన్న పైనుంచి రాలిన రంగుచుక్కలు ఎండిపోయి.