ఎంగిలి మాటలు

ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఏళ్లుగా దుప్పట్లు ఉతికే ఆమెను అందరూ మౌనక్క అనేవాళ్లు. నలుగురిలో నోరు పెగలని మనిషి. మురికి దుప్పట్లలో నర్సులు మరిచిపోయిన సూదులు ఆ ఏడాది ఆరుగురికి గుచ్చుకున్నాయి. వాళ్లలో ఒకతె, అక్కడే పనిచేసే ఆమె చెల్లెలు, కామెర్లతో మంచం పట్టింది. మందపాటి చేతి తొడుగులు కావాలని ఆసుపత్రి కమిటీ ముందు ఎవరో ఒకరు అడగాలి. చెల్లెలి కోసం మౌనక్క ఒప్పుకుంది.

మాట్లాడడం నేర్పడానికి కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చింది. ఆమె చదివేది ఉపన్యాస కళ. అందులో భాగంగా ఇరవై గంటల సేవ చేయాలట.

"నా మాటలొద్దు పిన్నీ, నీ మాటలే చెప్పు," అనేది.

ఆరు వారాలు ఇస్త్రీ యంత్రం పక్కన నిలబడి మౌనక్క చెప్పిందే చెప్పింది. చెల్లెలి ప్రస్తావన రాగానే గొంతు పూడుకుపోయేది.

"అక్కడ అలాగే ఆగు పిన్నీ. దానికే కరుగుతారు."

కమిటీ సమావేశానికి ముందురోజు అమ్మాయికి క్లాసులో పరీక్ష. మౌనక్కను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది. వేదికెక్కి, "నా చెల్లెలు..." అని మొదలుపెట్టింది. అవే మాటలు. సరిగ్గా మౌనక్క గొంతు పూడుకుపోయే చోటే ఆగింది. పంతులమ్మ కళ్లు తుడుచుకుంది. హాలంతా చప్పట్లు. ఏం చేయాలో తోచక మౌనక్క కూడా కొట్టింది.

బయటికొచ్చాక అడిగింది, "రేపు పక్కనుంటావుగా అమ్మా?"

"నా గంటలు అయిపోయాయి పిన్నీ. పొద్దున్నే ఊరెళ్తున్నా. నువ్వు అదరగొట్టేస్తావులే."

మర్నాడు మౌనక్క లేచి నిలబడగానే కమిటీ పెద్ద చెయ్యెత్తాడు.

"మీ సంగతి నిన్నే విన్నామమ్మా. కాలేజీవాళ్లు వీడియో పంపారు. ఎంత బాగా చెప్పిందో ఆ పిల్ల! తనకి సన్మానం చేస్తున్నాం."

"తొడుగులండీ..."

"చూస్తాం, చూస్తాం. కొత్తగా చెప్పేదేమైనా ఉందా?"

ఆమె నోరు తెరిచింది. నేర్చుకున్న ప్రతి మాటా ఎవరో కొరికి వదిలేసిన ఎంగిలిలా తోచింది. కూర్చుండిపోయింది.

"ఏమన్నారక్కా?" ఇంట్లో చెల్లెలు ఆశగా అడిగింది.

"మెచ్చుకున్నారే," అంది మౌనక్క, గోడవైపు తిరిగి.

తొడుగులు రాలేదు. మరుసటి ఏడాది కాలేజీ నుంచి ఇంకొక అమ్మాయి పుస్తకం, కలం పట్టుకుని వచ్చింది.

"మీ కష్టం చెప్పండి పిన్నిగారూ, వింటాను."

"వినేదేముందమ్మా," అంటూ మౌనక్క తడి దుప్పటి ఒకటి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. "ఆ కొస పట్టుకో. చూసుకుని పట్టుకో, సూదులుంటాయి."